ఏడాదికి 12 లక్షల మాటలు

మా నాన్న ఆయన్ని "గార్నర్ దొర" అనేవాడు. ఆ అమెరికా రచయిత పేరు ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ అని పూర్తిగా పలకడానికి నాన్నకు నోరు తిరిగేది కాదు. కావలిలో ఒక పెద్ద ప్లీడరు గారి దగ్గర ముప్ఫై ఎనిమిదేళ్ళు గుమాస్తాగా పనిచేశాడు నాన్న. చదివింది ఎస్సెల్సీ. ఇంగ్లీషు బళ్ళో కొంత వచ్చింది, మిగతాదంతా ప్లెయింట్లూ కౌంటర్లూ సాపు రాసి రాసి, డిపోజిషన్లకు నకళ్ళు తీసి తీసి వచ్చింది. ఆ ఇంగ్లీషుతోనే గార్డ్‌నర్ రాసిన, పెర్రీ మేసన్ అనే లాయరు హీరోగా ఉండే నవలలు చదివాడు. ఒక్కో పుస్తకానికి రెండు మూడు నెలలు పట్టేది. పేజీ మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, కోర్టు కట్టలు చదివినట్టే చదివేవాడు.

ఆ పుస్తకాలు ప్లీడరు గారివి. ఆయన పెళ్ళిబట్టలకో కంటివైద్యానికో మద్రాసు వెళ్ళినప్పుడల్లా మూర్ మార్కెట్లో పాత పుస్తకాలు అరడజను కొని తెచ్చేవారు. తాను చదివేశాక గుమాస్తా బల్ల మీద పెట్టేవారు. 1985 మే నెలాఖరులో మూర్ మార్కెట్ తగలబడిపోయింది. ఆ వారమంతా ఆఫీసులో అదే మాటని నాన్న ఇంటికొచ్చి చెప్పాడు. ఇంక పుస్తకాలు రావేమోనని ఆయన దిగులు. నేనప్పుడు తొమ్మిదో తరగతిలోకి వచ్చాను. ఆ ఎండాకాలం సెలవుల్లోనే "పాపా, ఈ మాటకి అర్థమేందో డిక్షనరీలో చూడు" అని నన్ను పక్కన కూర్చోబెట్టుకోవడం మొదలైంది. మేము మొదట వెతికిన మాటలు మూడు: ఇన్‌కాంపిటెంట్, ఇర్రెలెవెంట్, ఇమ్మెటీరియల్. ఆ నవలల్లో లాయర్లు ఆక్షేపణ చెప్పేటప్పుడు ఈ మూడింటినీ ఒక్క ఊపిరిలో అంటారు. నా ఇంగ్లీషు చదువు అక్కడే మొదలైంది. లాయరు కావాలన్న కోరికా అక్కడే పుట్టింది.

నాన్న నా చేతికిచ్చిన మొదటి పుస్తకానికి చివర పది పన్నెండు పేజీలు లేవు. పాత పుస్తకాల్లో అది మామూలే. "చివరి పేజీలు లేకపోతే ఎట్టా నాయనా?" అంటే, "నేను చదివేసినాలే" అన్నాడు. వెనక అట్ట లోపలివైపు పెన్సిలుతో ఆయన చేతిరాత ఏదో కనపడింది. వాయిదా తేదీ అనుకుని వదిలేశాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కిందటేడు నెల్లూరులో ఒక సాహిత్య సభకు వెళ్ళాను. వేదిక మీది పెద్దాయన ఒకరు, "వందల పుస్తకాలు రాసేవాడు రచయిత కాడు, సరుకు తయారుచేసేవాడు" అన్నారు. చప్పట్లు పడ్డాయి. నేను కొట్టలేదు. ఇంటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. ఎవరి పేరూ ఆయన చెప్పలేదు గానీ, నాకు మాత్రం వేలు పెట్టి చదువుకుంటున్న నాన్న కళ్ళ ముందు కనిపించాడు. ఆ పెద్దాయన మాట తప్పని నా నమ్మకం. ఎందుకు తప్పో నాకు బాగా తెలిసిన ఒక్క రచయిత జీవితంతోనే చెబుతాను.

గార్డ్‌నర్ 1889 జులై 17న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో మాల్డెన్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి గనుల ఇంజనీరు కావడంతో కుటుంబం పడమటి తీరానికి తరలింది. లా చదువుకని ఇండియానాలో వాల్పరైజో యూనివర్సిటీలో చేరి నెల రోజులకే బయటికొచ్చాడు. బాక్సింగు మోజు ఆయన్ని అక్కడ నిలవనివ్వలేదు. ఆ తర్వాత లాయర్ల ఆఫీసుల్లో పనిచేస్తూ తనంతట తానే న్యాయశాస్త్రం చదువుకుని 1911లో కాలిఫోర్నియాలో సన్నదు తీసుకున్నాడు. లా కాలేజీ మెట్లెక్కి పట్టా తీసుకోని మనిషి, గుమాస్తా బల్ల దగ్గర విద్య నేర్చుకున్న మనిషి. నాన్నకు ఆయనంటే అంత అభిమానం ఉండటానికి ఇదే కారణమని నా ఊహ.

ఆయన బోర్డు కట్టిన ఊరు ఆక్స్‌నార్డ్. చక్కెర దుంపలు పండే ప్రాంతం, చక్కెర ఫ్యాక్టరీ చుట్టూ లేచిన ఊరు. అక్కడ చైనా నుంచి వచ్చి దుకాణాలు పెట్టుకున్నవాళ్ళూ, మెక్సికో నుంచి కూలికి వచ్చినవాళ్ళూ ఉండేవాళ్ళు. వాళ్ళ తరఫున వకాల్తా వేయడానికి పేరున్న ప్లీడర్లు వెనకాడేవాళ్ళు. గార్డ్‌నర్ వేశాడు. లాటరీ టికెట్లు అమ్ముతున్నారని చైనా వ్యాపారులను పట్టుకోవడానికి పోలీసులు వస్తున్నారని ముందే తెలిసి, ఒకరి దుకాణంలో ఇంకొకరిని కూర్చోబెట్టాడు. పోలీసులకు ముఖాలు తెలియవు, దుకాణాలే తెలుసు. వారంటు మీద ఒక పేరు, పట్టుకొచ్చిన మనిషి ఇంకొకడు. కేసు నిలవలేదు. మనిషిని మనిషిగా చూడకుండా "చైనావాడు" అని చూసిన చూపే ఆ పోలీసుల కేసును చెరిపేసింది. ఆ తర్వాత ఆయన నవలల్లో కోర్టులో జరిగిన ప్రతి గారడీకీ విత్తనం ఇక్కడే ఉంది.

కానీ ఇలాంటి కక్షిదార్ల దగ్గర ఫీజు ఏం వస్తుంది? మధ్యలో కొన్నేళ్ళు కారు టైర్ల వ్యాపారంలోకి పోయి, 1921లో మళ్ళీ వెంచురా అనే ఊళ్ళో ప్రాక్టీసులోకి వచ్చాడు. అప్పుడే రాత్రుళ్ళు కథలు రాయడం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో అమెరికాలో నాసిరకం కాగితం మీద అచ్చేసి చిల్లర డబ్బులకు అమ్మే కథల పత్రికలు డజన్ల కొద్దీ ఉండేవి. వాటిని పల్ప్ పత్రికలు అనేవాళ్ళు. మాటకింత అని లెక్కగట్టి డబ్బిచ్చేవాళ్ళు. 1923లో "బ్లాక్ మాస్క్" అనే పత్రికకు మారుపేరుతో ఒక కథ పంపాడు. అది తిరిగొచ్చింది. పత్రిక ఆఫీసులో వాళ్ళలో వాళ్ళు రాసుకున్న చీటీ ఒకటి పొరపాటున ఆ కాగితాల్లోనే ఉండిపోయింది. కథ ఎంత అధ్వానంగా ఉందో అందులో వివరంగా ఉంది. ఇంకొకరైతే ఆ కాగితాలు పొయ్యిలో పెట్టేవాళ్ళు. ఆయన ఆ చీటీని పాఠంగా తీసుకున్నాడు. మూడు రాత్రులు కూర్చుని కథ మొత్తం తిరగరాశాడు. టైపు కొట్టీ కొట్టీ వేళ్ళు చిట్లి నెత్తురొస్తే టేపు చుట్టుకుని మళ్ళీ కొట్టాడు. 160 డాలర్లు వచ్చాయి.

అక్కడి నుంచి ఆయన తనకు తాను పెట్టుకున్న లెక్క ఏడాదికి 12 లక్షల మాటలు. పగలు కోర్టు, రాత్రి టైపు మిషను. ఒక సంపాదకుడు, మీ కథల్లో హీరో ఆరో గుండుతో తప్ప విలన్ని ఎందుకు కొట్టలేడని అడిగితే, మాటకు మూడు సెంట్లు వస్తున్నప్పుడు తుపాకీలో ఇంకా గుళ్ళుండగా కథను ఎలా ముగిస్తానని జవాబిచ్చాడని చెప్పుకుంటారు. ఆ మాటను ఆయన డబ్బుమనిషి అనడానికి రుజువుగా చూపిస్తారు చాలామంది. నాకు అలా అనిపించదు. రెక్కల కష్టం మీద బతికేవాడు తన కూలి ఎంతో దాచకుండా చెప్పుకున్న మాట అది. నాన్న కాపీ రాసినందుకు పేజీకి ఇంత అని తీసుకునేవాడు. దానివల్ల ఆయన రాసిన నకలులో ఒక్క అక్షరం తప్పు పోలేదు.

ఎక్కువ రాయడం గురించి ఇంకో మాట. ఈ మాట నెల్లూరులో అన్నారు కాబట్టే నాకు ఇంకా కష్టమనిపించింది. ఈ ఊరి కవి తిక్కన భారతంలో పదిహేను పర్వాలు రాశాడు. విరాటపర్వం నుంచి స్వర్గారోహణం దాకా. ఆయన ఆశువుగా చెబుతుంటే గురునాథుడు రాశాడని, చెప్పేవాడి నోరు ఆగకూడదు, రాసేవాడి గంటం ఆగకూడదు అని వాళ్ళిద్దరి మధ్య ఒప్పందమని మనం చిన్నప్పటి నుంచి వింటున్న కథ. ఒకచోట పద్యం చివర మాట తోచక "ఏమి చెప్పుదుం గురునాథా" అని తిక్కన అంటే, గురునాథుడు దాన్నే రాసేశాడట. సంజయుడు ధృతరాష్ట్రుడితో చెబుతున్న చోటు కాబట్టి "కురునాథా" అనే పిలుపు సంధిలో గురునాథా అయి సరిగ్గా అతికిందట. కథ నిజమో కాదో పండితులు చూసుకుంటారు. ఈ కథను ఇన్ని వందల ఏళ్ళు జనం ఎందుకు దాచుకున్నారనేదే నాకు ముఖ్యం. ఆగకుండా చెప్పగలగడాన్ని, ఆగకుండా రాయగలగడాన్ని మనవాళ్ళు విద్య అనుకున్నారు. తిక్కన పక్కన గార్డ్‌నర్‌ని కూర్చోబెట్టడం నా ఉద్దేశం కాదు. రాశిని చూసి ముఖం చిట్లించడం ఈ ఊరి అలవాటు కాదని మాత్రం గుర్తు చేస్తున్నాను.

ఆ మాటకొస్తే తెలుగులో వెయ్యి నవలలు రాసిన కొవ్వలి లక్ష్మీనరసింహారావు గారున్నారు. రైలు ప్రయాణాల్లో ఆయన పుస్తకాలు చదవని మనిషి ఒకప్పుడు అరుదు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు మా వీధిలో మనుషులంత పరిచయం. మా అమ్మ అద్దె పుస్తకాల షాపులో రోజుకు పావలా ఇచ్చి తెచ్చుకునేది. అన్నం వండుతూ చదివేది. అమ్మ చేతికి పుస్తకం ఎలా వచ్చిందని మన సాహిత్య చరిత్రలు రాసినవాళ్ళలో ఎంతమంది అడిగారు?

గార్డ్‌నర్ దగ్గరికి వస్తాను. 1933లో "ది కేస్ ఆఫ్ ది వెల్వెట్ క్లాజ్" అనే నవలతో పెర్రీ మేసన్ పుట్టాడు. అప్పటికే టైపు కొట్టడం మాని డిక్టేషన్ చెప్పడం మొదలుపెట్టాడు గార్డ్‌నర్. ఆ ఏడే ప్రాక్టీసు మానుకున్నాడు. దానితో కలిపి మేసన్ నవలలు మొత్తం 82 వచ్చాయి. ఎ.ఎ. ఫెయిర్ అనే పేరుతో ఇంకో దాదాపు ముప్ఫై. 1957 నుంచి 1966 దాకా టీవీలో 271 భాగాలు. ఆఖరి భాగంలో జడ్జి వేషం వేసింది గార్డ్‌నరే. 1970 మార్చి 11న టెమెక్యులాలోని తన సొంత రాంచ్‌లో పోయేనాటికి అమెరికాలో అందరికంటే ఎక్కువగా అమ్ముడుపోయే రచయిత ఆయన. ఈ అంకెలు ఎక్కడైనా దొరుకుతాయి. నాకు వాటికంటే లాయరుగా ఆయనలో కనిపించింది చెప్పాలని ఉంది.

నేను నల్లకోటు వేసుకుని ఇరవై ఏడేళ్ళయింది. మొదటి రెండేళ్ళూ మా సీనియర్ గారి వెనక ఫైళ్ళు మోస్తూ, మేసన్‌లాగా సాక్షిని క్రాస్ చేసే రోజు కోసం ఎదురుచూశాను. ఆ రోజు వచ్చాక తెలిసింది, బోనులో నిలబడి "అవును, నేనే చంపాను" అని కుప్పకూలే సాక్షి ఎక్కడా ఉండడని. ఈ ఇరవై ఏడేళ్ళలో ఒక్కరూ కనపడలేదు. మన సాక్షులు అయితే హాస్టైల్ అవుతారు (మాట మార్చేస్తారు), లేకపోతే "గుర్తు లేదు సార్" అంటారు. మరి గార్డ్‌నర్ అబద్ధం రాశాడా అని చాలాకాలం బాధపడ్డాను.

తర్వాత నిదానంగా తెలిసింది. ఆయన కోర్టు సన్నివేశాల్లో చాలా భాగం జ్యూరీ ముందు జరిగేవి కావు. ప్రిలిమినరీ హియరింగ్‌లో జరుగుతాయి. అంటే, ముద్దాయిని పెద్ద కోర్టుకు పంపడానికి తగిన ఆధారం ఉందా లేదా అని మెజిస్ట్రేటు చూసే విచారణ. అక్కడ ప్రాసిక్యూషన్ తన దగ్గరున్నదంతా చూపించదు, కొంతే చూపిస్తుంది. డిఫెన్సు లాయరు ఆ కొంతలోనే వేలు దూర్చి పీకాలి. మేసన్ చేసేది అదే. నాన్నతో ఈ మాటంటే, "మనకాడ గూడా ఉండె పాపా. కొత్త కోడు రాకముందు కమిటల్‌లో సాక్షుల్ని పిలిపించి అడిగేవాళ్ళు" అన్నాడు. నిజమే. 1898 నాటి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఖూనీ కేసుల్లాంటివి సెషన్స్‌కు పంపేముందు మెజిస్ట్రేటు కొందరు సాక్షులనైనా విచారించేవాడు. 1974 ఏప్రిల్ 1 నుంచి కొత్త కోడు అమల్లోకి వచ్చాక అది పోయింది. ఇప్పుడు పి.ఆర్.సి. (ప్రిలిమినరీ రిజిస్టర్ కేసు) నంబరు వేసి, ముద్దాయికి కాగితాలు ఇచ్చి, కేసును కమిట్ చేసి పంపేస్తారు. త్వరగా తేలాలని చేసిన మార్పు అది. కానీ ముద్దాయి వైపు లాయరుకు మొదట్లోనే ఒక మాట అడిగే కిటికీ మూసుకుపోయింది. సెషన్స్‌లో సాక్షి బోనెక్కేటప్పటికి ఏళ్ళు గడిచి ఉంటాయి. మా నాన్న తరం వాళ్ళకు మేసన్ ఎందుకు అంత నమ్మదగినవాడిలా కనిపించాడో, మా తరానికి ఎందుకు సినిమాలా అనిపించాడో అప్పుడు తెలిసింది.

గార్డ్‌నర్ నిజంగా నేర్పింది ఇంకొకటి. టైము చూడమన్నాడు. ఎవరు ఎన్ని గంటలకు ఎక్కడున్నారు, ఏ కాగితం మీద ఏ గంట పడింది. ఆయన నవలల్లో హంతకుడు మారతాడు, చచ్చినవాడు మారతాడు, ఈ లెక్క మాత్రం మారదు. నా కేసుల్లో ఒకటి చెబుతాను. ఒక పల్లెలో కొట్లాట, కత్తిపోటు, అప్పటి ఐపీసీలో 307 సెక్షన్, అంటే హత్యాయత్నం. ముద్దాయి ఇరవై రెండేళ్ళ కుర్రాడు, రొయ్యల గుంటల దగ్గర కాపలా. పోటు తగిలింది రాత్రి తొమ్మిదింటికని పి.డబ్ల్యు.1 (ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి) మొదలుకొని నలుగురు సాక్షులు ఒకే పాటగా చెప్పారు. ఆసుపత్రి యాక్సిడెంట్ రిజిస్టరు నకలు తెప్పించుకుని చూస్తే, గాయపడిన మనిషిని తీసుకొచ్చిన టైము ఎనిమిదీ నలభై. పోటు పడకముందే ఆసుపత్రికి ఎలా వచ్చాడు? డాక్టరు గారిని నేను అడిగింది రెండు ప్రశ్నలే. కుర్రాణ్ణి సంశయలాభం కింద వదిలేశారు.

కోర్టు బయట వేపచెట్టు కింద ఆ కుర్రాడి అమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. కాసేపాగి, "మరి పొడిసింది ఎవురమ్మా?" అంది. నా దగ్గర జవాబు లేదు. దారి పొడుగునా ఆ ప్రశ్న నాతోనే వచ్చింది. మేసన్ అయితే చెప్పేవాడు కదా అనుకున్నాను.

పెర్రీ మేసన్‌తో నాకున్న అసలు తగాదా ఇదే. తన కక్షిదారు చంపలేదని నిరూపించడానికి ఆయన ప్రతిసారీ చంపినవాణ్ణి పట్టి చూపిస్తాడు. చదివి చదివి జనం కూడా అదే ఆశిస్తారు. నువ్వు కాకపోతే ఇంకెవరు, వాడి పేరు చెప్పు అంటారు. చట్టం అలా అనదు. నేరం రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషన్. రుజువు కాకపోతే ముద్దాయి ఇంటికి పోవాలి, అంతే. అసలు దొంగను పట్టుకొచ్చే పూచీ వాడి మీద లేదు, వాడి లాయరు మీదా లేదు. ఎనభై రెండు నవలలు ఈ ఒక్క విషయంలో పాఠకుణ్ణి పక్కదారి పట్టించాయని ఒప్పుకుంటాను. ఇంకా కొన్ని ఒప్పుకోవాలి. మనుషులు లోతు లేకుండా ఉంటారు. చివరి పదేళ్ళ పుస్తకాల్లో అలసట కనిపిస్తుంది. డెల్లా స్ట్రీట్ అంత తెలివైన మనిషి ముప్ఫై ఏళ్ళకు పైగా మేసన్ సెక్రటరీగానే ఉండిపోతుంది. ఆ పాత్రకు నమూనా అంటారే, ఆ జీన్ బెథెల్, ఆమె ఇద్దరు చెల్లెళ్ళు, ముగ్గురూ గార్డ్‌నర్ చెప్పింది చెప్పినట్టు టైపు చేస్తూ ఆ ఇంట్లోనే జీవితాలు గడిపారు. మొదటి భార్య పోయాక 1968లో ఆయన జీన్‌ను పెళ్ళి చేసుకున్నాడు. తిక్కన పేరుతో పాటు గురునాథుడి పేరు మిగిలింది. ఆ అక్కచెల్లెళ్ళ పేర్లు పుస్తకాల అట్టల మీద లేవు.

ఇవన్నీ ఒక తక్కెడలో వేస్తే, రెండో తక్కెడలో నేను వేసేది ఒక్కటే. సభలో ఆ పెద్దాయన మాట నాకు అంత అన్యాయంగా తోచడానికి కారణమూ అదే.

1943లో కాలిఫోర్నియాలో యూబా సిటీ దగ్గర ఒక అమ్మాయి హత్య జరిగింది. విలియం మార్విన్ లిండ్లీ అనే బీద కూలివాడికి మరణశిక్ష వేశారు. ఉరి మాదిరే అక్కడ గ్యాస్ గది. రోజులు దగ్గరపడుతుంటే ఒక లాయరు ఆ కేసు కాగితాలు గార్డ్‌నర్‌కు పంపాడు. అప్పటికి ఆయన కోట్ల ప్రతులు అమ్ముడుపోతున్న రచయిత. ప్రాక్టీసు మానేసి పదేళ్ళు దాటింది. అయినా కూర్చుని సాక్ష్యం మొత్తం చదివాడు. ఏ సాక్షి ఏ నిమిషంలో ఎక్కడున్నాడో వరసగా రాసుకుంటూ పోయాడు. ఆ లెక్కలన్నీ ఒకచోట పెడితే, హత్య జరిగిన సమయానికి లిండ్లీ అక్కడ ఉండే వీలే లేదని తేలింది. గవర్నరు ఆఫీసుకూ జడ్జీలకూ ఉత్తరాలు రాశాడు. శిక్ష ఆగింది, తర్వాత యావజ్జీవంగా మారింది. అప్పటికే ఆ మనిషికి మతి చలించింది.

పెర్రీ మేసన్ అయితే ఇక్కడ హంతకుణ్ణి పట్టుకుని కథ ముగించేవాడు. గార్డ్‌నర్ అలా ముగించలేదు. ఇలాంటివాళ్ళు జైళ్ళలో ఇంకెంతమంది ఉన్నారని అడిగాడు. 1948లో "ఆర్గొసీ" పత్రిక యజమాని హ్యారీ స్టీగర్‌తో కలిసి "కోర్ట్ ఆఫ్ లాస్ట్ రిసార్ట్" పెట్టాడు. నిజం కోర్టు కాదు. శవపరీక్షలో నిపుణుడు, అబద్ధాలు పసిగట్టే మిషను వాడటంలో నిపుణుడు, పేరున్న డిటెక్టివు, వీళ్ళందరూ పైసా తీసుకోకుండా పాత కేసులు తిరగదోడేవాళ్ళు. దొరికింది దొరికినట్టు పత్రికలో వేసి చదివేవాళ్ళ ముందు పెట్టేవాళ్ళు. జైళ్ళ నుంచి ఉత్తరాలు వెల్లువెత్తాయి. కొందరు బయటికొచ్చారు. ఈ పని మీద రాసిన పుస్తకం 1952లో వస్తే, అమెరికాలో మిస్టరీ రచయితల సంఘం దానికి ఎడ్గార్ అవార్డు ఇచ్చింది. ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. మరణశిక్ష పడే కేసుల్లోనే కాక మిగతా పెద్ద నేరాల్లోనూ, లాయరును పెట్టుకోలేని పేదవాడికి రాష్ట్రమే లాయరును ఇచ్చి తీరాలని అమెరికా సుప్రీంకోర్టు ఖాయం చేసింది 1963లోనే. అంటే గార్డ్‌నర్ ఈ పని మొదలుపెట్టిన పదిహేనేళ్ళకు.

ఆయన మాట గవర్నర్లు ఎందుకు విన్నారు? జైల్లో ఉన్నవాడు ఎవరికి రాయాలో ఎలా తెలిసింది? రాశి వల్ల. ఇంటింటా ఆయన పుస్తకం ఉండబట్టి. మూడేళ్ళకొక మంచి నవల రాసి గౌరవంగా కూర్చుని ఉంటే, జైల్లో ఉన్న అక్షరం ముక్క వచ్చిన ఖైదీకి ఆయన పేరు ఎలా తెలుస్తుంది? తన చదువరులను ఆయన కక్షిదారులను చూసినట్టే చూశాడు. వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలి, వాళ్ళ టైము వృథా చేయకూడదు, తీసుకున్న డబ్బుకు పని చేసి పెట్టాలి. అలా ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న నమ్మకాన్ని తీసుకెళ్ళి ఎవరూ వకాల్తా వేయని మనుషుల కోసం ఖర్చుపెట్టాడు. సరుకు తయారుచేసేవాడు అంటే ఇలాంటివాడే అయితే, ఆ మాటను నేను తిట్టుగా తీసుకోను.

లీగల్ ఎయిడ్ తరఫున చెముడుగుంట సెంట్రల్ జైలుకు వెళ్ళినప్పుడల్లా ఇది గుర్తొస్తుంది. మన రాజ్యాంగంలో 39ఎ అధికరణం 1976 సవరణతో వచ్చింది. పేదరికం వల్ల ఎవరికీ న్యాయం అందకుండా పోకూడదంటుంది. హుస్సేనారా ఖాతూన్ కేసులో 1979లో సుప్రీంకోర్టు, విచారణే మొదలుకాక ఏళ్ళ తరబడి జైళ్ళలో మగ్గుతున్నవాళ్ళ గురించి గట్టిగా చెప్పింది. లీగల్ సర్వీసెస్ చట్టం 1987లో చేశారు, 1995 నవంబరు 9 నుంచి అమల్లోకి వచ్చింది. చట్టాలు ఉన్నాయి. అయినా జామీను మంజూరయ్యి కూడా పూచీకత్తు ఇచ్చే ఇద్దరు మనుషులు దొరకక లోపలే ఉన్నవాళ్ళు నాకు ప్రతిసారీ కనపడతారు. వాళ్ళు అడిగేది చాలా చిన్నది: "నా కేసు ఎంతవరకు వచ్చిందమ్మా?" ఆ ఒక్క మాట చెప్పేవాళ్ళు వాళ్ళకు లేరు. వాళ్ళలో చదవడం వచ్చినవాళ్ళు జైలు లైబ్రరీలో అడిగి తీసుకునేది పాత డిటెక్టివ్ నవలలే. అట్టలు ఊడి, దారాలు తేలి ఉంటాయి. లైబ్రరీలో మిగతా పుస్తకాలు కొత్తగా మెరుస్తుంటాయి.

నాన్నకిప్పుడు ఎనభై మూడు. కళ్ళు ఆనవు. కావలి ఇల్లు అద్దెకిచ్చి నెల్లూరులో నా దగ్గరే ఉంటున్నాడు. ఆయన ట్రంకుపెట్టె సర్దుతుంటే ఆ పాత పుస్తకం దొరికింది, చివరి పేజీలు లేనిది. అట్ట లోపలివైపు పెన్సిలు రాత కొంచెం చెరిగింది గానీ అక్షరాలు తెలుస్తున్నాయి. వాయిదా తేదీ కాదు. కోర్టు కాగితం రాసినట్టు గుండ్రంగా రాసుకున్నాడు: "చివరి పేజీలు లేవు. చంపినది ఎవరో తెలియరాలేదు. ముద్దాయి మీద రుజువు చాలలేదు. విడుదల చేయడమైనది." కింద తేదీ, పొడి అక్షరాలతో సంతకం.

అదే నవల పూర్తి పుస్తకం తెప్పించాను. ఆదివారం మధ్యాహ్నం ఆయన పక్కన కూర్చుని ఆ చివరి పేజీలు తెలుగులో చెబుతూ చదివాను. చంపింది ఎవరో చెప్పాను. నాన్న కళ్ళు మూసుకుని విన్నాడు. హంతకుడి పేరు దగ్గర ఆయన ముఖంలో ఏమీ మారలేదు.

"ముద్దాయిని వదిలేసినారా?" అన్నాడు.

"వదిలేశారు నాయనా."

"మనం ఎప్పుడో వదిలేసినాంగా" అన్నాడు.